పేరు లేని మిల్లర్లు పంపిన పరువునష్టం నోటీసు

[తెర మీద: వడ్ల కుప్పలు, కాంటా]

మిర్యాలగూడ దిక్కు ఒక రైతు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ కాడ నిలబడి "తరుగు పేరు మీద మిల్లర్లు మమ్మల్ని ముంచుతున్నరు" అని వీడియోల అన్నడనుకుందాం. తరుగంటే తూకంల కోసే కిలోలు. నాలుగు రోజులకు వకీలు నోటీసు వస్తది: "మా క్లయింట్లయిన మిల్లర్ల పరువు పోయింది, క్షమాపణ చెప్పు, లేకుంటే కేసు." ఆ క్లయింట్లు ఎవరో ఒక్క పేరు ఉండదు. రైతు భయపడి వీడియో తీసేస్తడు. ఆయన అట్ల భయపడొద్దనే నా తండ్లాట.

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 499, 500, సమూహానికి కూడా పరువు ఉంటదని చెప్తది. నిజమే. కానీ ఏ సమూహానికి?

[తెర మీద: 1972, సుప్రీంకోర్టు]

1971ల తమిళనాడు సేలంల ద్రావిడ కళగం అనే సంఘం సభ జరిగింది. అక్కడి తీర్మానాన్ని తప్పుగా అచ్చేసి పరువు తీసిన్రని ఆహ్వాన సంఘం అధ్యక్షుడు చొక్కప్ప 'ది హిందూ'తో పాటు మరికొన్ని పత్రికల మీద కేసు పెట్టిండు. సుప్రీంకోర్టు కొట్టేసింది. సభకు ఎవరెవరో వస్తరు, పోతరు. ఫలానా వాళ్లని గీత గీసి చూపెట్టలేని గుంపు పేరు మీద కేసు నిలవదన్నది.

అలీగఢ్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ల మీద రాసిన ఎడిటర్ శిక్షను మాత్రం 1965ల అదే కోర్టు ఖాయం చేసింది. వాళ్లు కొద్దిమంది, ఊరు తెలుసు, కొలువు తెలుసు. అందుకే జాగ్రత్త: "మా ఊరి రెండు మిల్లులు" అన్నరంటే, పేర్లు చెప్పకున్నా ఇద్దరికీ తగిలినట్టే.

ఇంకోటి, ఇది చాలామందికి తెల్వదు. పరువునష్టానికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు. బాధపడ్డ మనిషే మేజిస్ట్రేట్ ముందుకొచ్చి ప్రమాణం చేసి చెప్పాలె. పేరు దాచుకుని ఆ పని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే కేసులు నడిపే తీరు చెప్పే కొత్త చట్టంల, కేసు తీసుకునే ముందే మీ మాట వినే అవకాశం కూడా ఇయ్యాలె.

నోటీసు వస్తే పక్కన పడేయకున్రి. వకీలుతో జవాబు రాయించున్రి: మీ క్లయింట్లు ఎవరు? నేనన్న ఏ మాట వాళ్లలో ఎవరికి, ఎట్ల తగిలింది? మాట నిజమై, నలుగురి మేలు కోసం అన్నదైతే చట్టం మినహాయింపు ఇస్తది. అది నిజమని చూపెట్టే భారం మాత్రం మన మీదనే. అందుకే తక్‌పట్టీ (అమ్మిన లెక్క చీటీ), కాంటా చీటీ, ఎన్ని కిలోలు కోసిన్రో రాసిచ్చిన కాయితం, ఏదీ పారేయకున్రి.