పాలపళ్ల సాక్ష్యం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించాలి.

ఇవాళ ఆగస్టు 29. కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్స్క్ అణుపరీక్షా కేంద్రాన్ని 1991లో మూసేసిన రోజు. నలభై ఏళ్లలో సోవియట్ యూనియన్ అక్కడ 456 పరీక్షలు చేసింది. దాన్ని మూయించాలని ఉద్యమం నడిపింది ఒక కవి, ఒల్జాస్ సులేమెనోవ్. ఆయన గురించే నోట్సు రాసుకొచ్చాను. కానీ ఇందాక నన్ను పరిచయం చేసిన మిత్రుడు, అణుపరీక్షలకు కొంత కళ్లెం వేసిన 1963 మాస్కో ఒప్పందం అంతా అమెరికా అధ్యక్షుడు కెనడీ, సోవియట్ నేత క్రుశ్చేవ్‌ల చలవే అన్నారు. అది విన్నాక ఊరుకోలేను. దాని వెనక మామూలు జనమూ ఉన్నారు.

1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన అణుబాంబు, అనుకున్నదానికి రెండున్నర రెట్లు పేలింది. 15 మెగాటన్నులు. తెల్లటి బూడిద వచ్చి జపాన్ చేపల పడవలోని 23 మంది మీద రాలింది. రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరులో చనిపోయాడు. ఏప్రిల్ 2నే నెహ్రూ లోక్‌సభలో, ముందు ఈ పరీక్షలైనా ఆపండన్నారు. ఎవరు విన్నారు?

అమెరికాలోని సెయింట్ లూయీస్‌లో ఆడవాళ్లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు కలిసి 1958 చివర్లో పిల్లల పాలపళ్లు పోగుచేయడం మొదలుపెట్టారు. పళ్లెందుకంటారా? బాంబు బూడిదలోని స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఒంట్లో కాల్షియంలాగే నడుచుకుంటుంది. గడ్డి మీద పడుతుంది, ఆవు మేస్తుంది, పాలల్లోకి దిగుతుంది, చివరికి పసిబిడ్డ ఎముకలో, పంటిలో తిష్ఠ వేస్తుంది. మన పిల్లలు ఊడిన పన్ను ఇంటికప్పు మీదకి విసురుతారు కదా, వాళ్లు కవర్లో పెట్టి పోస్టు చేశారు. పంపిన ప్రతి పిల్లకీ ‘నా పన్ను సైన్సుకిచ్చాను’ అని ఒక బ్యాడ్జి! అలా మూడు లక్షల దాకా వచ్చాయి. బాంబులు పెరిగేకొద్దీ పళ్లలో ఆ విషమూ పెరిగిందని 1961లో అచ్చులోకెక్కింది. ఇక ఏ ప్రభుత్వం కాదనగలదు?

అమ్మా, ఈ సంగతి బడిలో చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు!

చివరికి ఆ 1963 ఒప్పందం గాలిలో, నీళ్లలో, అంతరిక్షంలో పరీక్షలు వద్దంది. భూగర్భాన్ని వదిలేసింది. సెమిపలాటిన్స్క్‌లో మూడొందలకు పైగా భూమి కింద పేల్చినవే. మన పోఖ్రాన్ కూడా అంతే.

చీటీ వచ్చింది, ముగిస్తున్నాను. 1954లో ఆపమన్న దేశం అణుపరీక్షలన్నీ వద్దనే 1996 సమగ్ర నిషేధ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. బాంబులున్నవాళ్లు వాటిని వదులుకోవడానికి గడువేదీ అన్నాం. సబబైన ప్రశ్నే. కానీ 1998లో మనమూ పేల్చాక ఆ ప్రశ్న అడిగే గొంతు మనకు తగ్గిందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు టీ దగ్గర నాతో పోట్లాడొచ్చు.