పదకొండు దాటిందండీ

శ్రోతలకు నమస్కారం.

1647 జూన్ 4, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య అందరూ హాజరు కావాలని పార్లమెంటు నియమించిన తనిఖీ బృందం కబురు పెట్టింది. వైస్ ఛాన్సలర్ శామ్యూల్ ఫెల్ తన వాళ్లను వెంటబెట్టుకుని వచ్చి సభామందిరంలో కూర్చున్నారు. తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం చర్చిలో మతబోధ వింటూ ఉండిపోయారు. ఆ బోధ ఎంతకీ తెమల్లేదు. గడియారం పదకొండు కొట్టింది. ఫెల్ లేచి, సభ చాలించి, పరివారంతో బయటికి నడిచారు. ఇరుకు దారిలో తనిఖీ బృందం ఎదురైంది. "వైస్ ఛాన్సలర్ గారికి దారి ఇవ్వండి" అని ముందు నడిచే బంట్రోతు కేకేశాడు. వచ్చినవాళ్లు పక్కకు జరిగారు. ఫెల్ టోపీ తీసి, ఎంతో మర్యాదగా, పదకొండు దాటిందండీ అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ ఏడాది తిరక్కుండానే ఆయన్ని నిర్బంధించారు.

అసలు సంగతేమిటంటే, 1642లో రాజు మొదటి చార్లెస్‌కూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. రాజు ఆక్స్‌ఫర్డ్‌నే తన రాజధాని చేసుకున్నాడు. కాలేజీల వెండి పాత్రలు కరిగి, సైనికుల జీతాలకు నాణేలయ్యాయి. పాఠాలు చెప్పే గదుల్లో ధాన్యం నింపారు. న్యూ కాలేజీ ఆవరణలో మందుగుండు దాచారు. చాలామంది కుర్రాళ్లు పుస్తకాలు పక్కనపెట్టి ఆయుధాలు పట్టారు. 1646 జూన్‌లో నగరం లొంగిపోయింది. పార్లమెంటు సేనాపతి ఫెయిర్‌ఫాక్స్ లోపలికి రాగానే విశ్వవిద్యాలయం వారి బోడ్లియన్ లైబ్రరీకి కాపలా పెట్టించాడు. ఆ పని చేసినందుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉండాలి.

అంటే ఇల్లు చక్కబెట్టాల్సిన అవసరం నిజంగానే ఉంది. ఖజానా ఏమైంది, పాఠాలు ఎందుకు ఆగాయి, ఏ పదవి ఎవరికి ఎలా దక్కింది అని అడగడంలో తప్పేమీ లేదు. విశ్వవిద్యాలయానికి జవాబుదారీతనం వద్దని నేను అనను.

కానీ 1648 మేలో వాళ్లు అడిగిన ప్రశ్న వేరు. కాలేజీల వాళ్లను వరసగా పిలిచి, ఈ తనిఖీలో పార్లమెంటు అధికారానికి మీరు లోబడతారా అని అడిగారు. ప్రొఫెసర్లనూ అడిగారు, విద్యార్థులనూ అడిగారు, వంటవాళ్లనూ అడిగారు. గణితం చెప్పేవాడికి గణితం వచ్చా రాదా అన్నది ఆ ప్రశ్నలో ఎక్కడా లేదు.

మెర్టన్ కాలేజీలో ఆంథొనీ ఉడ్ అనే పదిహేనేళ్ల కుర్రాడి వంతు వచ్చింది. తర్వాతి కాలంలో ఆక్స్‌ఫర్డ్ చరిత్ర రాసింది ఈయనే. ఈ వ్యవహారం నాకు అర్థం కావడం లేదు, అందుకే సూటిగా జవాబు చెప్పలేను అన్నాడు. తనిఖీ బృందం పెద్ద సర్ నథానియెల్ బ్రెంట్‌కు ఉడ్ తల్లి తెలుసు. ఆయన చూసీ చూడనట్టు వదిలేయబట్టి కుర్రాడి సీటు నిలిచింది. అలా తెలిసినవాళ్లు లేని వందలమందికి ఉద్యోగాలు ఊడాయి, సీట్లు పోయాయి. ఫెల్ గారు క్రైస్ట్ చర్చ్ కాలేజీకి డీన్, అంటే అధిపతి కూడా. ఆయన భార్య డీన్ బంగళా ఖాళీ చేయనంటే, సైనికులు ఆమెను కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ఆవరణలో దించారు. పిల్లల్ని చెక్కల మీద మోసుకొచ్చారు.

ఈ బ్రెంట్ గారి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆయనే మెర్టన్ కాలేజీ అధిపతి. పార్లమెంటు పక్షం వహించాడని 1645లో రాజు ఆయన్ని తీసేసి, రక్తప్రసరణ సంగతి లోకానికి చెప్పిన డాక్టర్ విలియం హార్వీని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. బ్రెంట్‌ను తొలగించమని అర్జీ పెట్టినవాళ్లకు ముందు నిలబడింది జాన్ గ్రీవ్స్, ఖగోళశాస్త్ర ప్రొఫెసర్. ఈజిప్టు దాకా వెళ్లి గీజా పెద్ద పిరమిడ్‌ను స్వయంగా కొలిచి, చీకట్లో లోపలి దారుల్లోకి కూడా వెళ్లి లెక్క రాసుకొచ్చిన మనిషి ఆయన. రాజు ఓడాడు, బ్రెంట్ తిరిగొచ్చాడు, తనిఖీకి పెద్ద అయ్యాడు. 1648లో గ్రీవ్స్ ఉద్యోగం పోయింది. కాలేజీ సొమ్ము రాజుకు ఇచ్చాడన్నది ఆయన మీద ఆరోపణల్లో ఒకటి. నిజమే కావచ్చు. కానీ ఆ విచారణ ఎవరి చేతిలో ఉందో చూడండి. సైనికులు గ్రీవ్స్ పెట్టెలు బద్దలు కొట్టి ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలు చెల్లాచెదురు చేశారు. పార్లమెంటులోనే ఉంటూ విశ్వవిద్యాలయం తరఫున మాట్లాడిన జాన్ సెల్డెన్ పూనుకుని వాటిలో కొన్నిటిని మాత్రం వెనక్కి ఇప్పించగలిగాడు.

ఖాళీ అయిన కుర్చీల్లోకి వచ్చినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. గణితానికి జాన్ వాలిస్ వచ్చాడు. వాడమ్ కాలేజీకి అధిపతిగా వచ్చిన జాన్ విల్కిన్స్ చుట్టూ చేరి ప్రయోగాలు చేసిన బృందంలోంచే, 1660లో రాయల్ సొసైటీ అనే శాస్త్రజ్ఞుల సంఘానికి ప్రాణం పోసినవాళ్లు చాలామంది వచ్చారు. ఇది చూపించి ఆ తనిఖీ మంచిదేనని వాదించేవాళ్లున్నారు. వాలిస్ గొప్పవాడని ఒప్పుకోవడానికి, గ్రీవ్స్ పెట్టెలు పగలగొట్టడం సబబేనని కూడా ఎందుకు ఒప్పుకోవాలో నాకు అర్థం కాదు.

గ్రీవ్స్ స్థానంలోకి వచ్చింది సేథ్ వార్డ్. ఈయన సొంత కథ ఏమిటో తెలుసా? 1644లో కేంబ్రిడ్జ్‌లో ఇలాంటి తనిఖీయే జరిగినప్పుడు పార్లమెంటు అడిగిన ప్రమాణం చేయనన్నందుకు అక్కడినుంచి గెంటేసిన మనిషి. తన కుర్చీ ఎలాగూ పోతోంది కాబట్టి అది వార్డ్‌కు రావాలని గ్రీవ్సే కోరుకున్నాడు, అందుకు పాటుపడ్డాడు. ఇద్దరూ స్నేహితులు. కుర్చీలో కూర్చున్న వార్డ్ మొదట చేసిన పనుల్లో ఒకటి, గ్రీవ్స్‌కు రావాల్సిన జీతం బకాయిలు ఇప్పించడం. ఆ అల్లకల్లోలంలో ఈ ఒక్క ముచ్చట దగ్గర నా మనసు కాసేపు ఆగుతుంది.

గ్రీవ్స్ 1652లో లండన్‌లో చనిపోయాడు. వార్డ్ 1659లో ట్రినిటీ కాలేజీ అధ్యక్షుడయ్యాడు. యుద్ధం తర్వాత రద్దయిన రాజరికం మరుసటి ఏడాది తిరిగొచ్చింది. వెంటనే కొత్త ప్రభుత్వం కొత్త తనిఖీ బృందాన్ని ఆక్స్‌ఫర్డ్‌కు పంపింది. 1648లో ట్రినిటీ నుంచి తీసేసిన పాత అధ్యక్షుడు, హానిబాల్ పాటర్, పన్నెండేళ్ల తర్వాత తన కాలేజీకి తిరిగొచ్చాడు. వార్డ్ మళ్లీ సామాన్లు సర్దుకున్నాడు.