మోహర్ కొండలతోనే ఆగిపోకండి: ఐర్లండ్ దక్షిణ తీరంలో నాలుగు పాత ఊళ్లు

నమస్తే అండీ. ఐర్లండ్ వెళ్లిన మనవాళ్ల వీడియోలు చూశారా? దాదాపు అన్నీ ఒకే దారి. డబ్లిన్, అక్కడి నుంచి టూర్ బస్సులో క్లిఫ్స్ ఆఫ్ మోహర్, గాలికి జుట్టు ఎగురుతుండగా ఒక రీల్, మళ్లీ డబ్లిన్. ఆ కొండలు నిజంగానే బాగుంటాయి, కాదనను. కానీ ఐర్లండ్‌లో తెలుగువాళ్లు తప్పకుండా చూడాల్సిన ఊరు ఒకటుంది, దాని పేరు మీలో చాలామంది విని ఉండరు. దక్షిణాన కార్క్ కౌంటీలో, సముద్రం ఒడ్డున. అక్కడికి వెళ్లే దారిలో ముందు మూడు ఊళ్లు చూసుకుంటూ పోదాం.

మొదటిది కోవ్. కార్క్ నగరంలోని కెంట్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే అరగంటలోపే దిగిపోతారు. ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్న ఈ ఏటవాలు వీధి, ఒక్కో ఇంటికీ ఒక్కో రంగు, వెనక ఆకాశంలోకి పొడుచుకుపోయిన సెయింట్ కోల్మన్ కెథెడ్రల్. ఇన్‌స్టాగ్రామ్‌లో ఐర్లండ్ అంటే సగం మంది పెట్టే ఫొటో ఇదే. ఆ ఇళ్లను స్థానికులు పేకముక్కల ఇళ్లంటారు. కింది ఇల్లు కూలితే పైవన్నీ వరసగా కూలతాయని వాళ్ల జోకు. 1868లో మొదలుపెట్టిన ఆ చర్చి పూర్తవడానికి యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. దాని గోపురంలో 49 గంటలున్నాయి.

ఫొటో తీసుకున్నాక కిందికి, రేవు దగ్గరికి దిగండి. అసలు కోవ్ అక్కడుంది. 1849లో విక్టోరియా రాణి వచ్చి వెళ్లిందని ఈ ఊరికి క్వీన్స్‌టౌన్ అని పేరు పెట్టారు, 1920లో తీసేశారు. 1848 నుంచి 1950 లోపు ఐర్లండ్ విడిచి వెళ్లినవాళ్లు 60 లక్షల మంది అయితే, అందులో 25 లక్షల మంది ఓడెక్కింది ఈ ఒక్క రేవులోనే. బంగాళదుంప పంట కుళ్లిపోయి వచ్చిన కరవు, ఆ తర్వాత దశాబ్దాల పాటు పోని పేదరికం వాళ్లను తరిమాయి. పిల్లలు అమెరికా వెళ్లే ముందు రాత్రి ఇరుగుపొరుగు అంతా ఆ ఇంట్లో చేరి, చావు ఇంట్లో జాగారం చేసినట్టే తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. దానికి అమెరికన్ వేక్ అని పేరు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మన అమ్మలూ ఏడుస్తారు, కానీ మర్నాటికి వీడియో కాల్ వస్తుంది. వీళ్లలో చాలామంది మళ్లీ ముఖం చూసుకోలేదు.

రేవు దగ్గర ఒక అమ్మాయి, ఇద్దరు తమ్ముళ్ల విగ్రహం ఉంటుంది. పేరు ఆనీ మూర్. 1891 డిసెంబరులో ఇక్కడే ఓడెక్కి, 1892 జనవరి 1న న్యూయార్క్‌లో కొత్తగా తెరిచిన ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రంలో అందరికంటే ముందు పేరు రాయించుకుంది. పదిహేడేళ్ల పిల్ల. అధికారులు ఆమె చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు. టైటానిక్ ఆఖరిసారి ఆగింది కూడా ఇక్కడే, 1912 ఏప్రిల్ 11న. అది మరీ పెద్ద ఓడ కావడంతో బయటే లంగరేసింది, 123 మందిని చిన్న పడవల్లో తీసుకెళ్లి ఎక్కించారు. ఊళ్లో టైటానిక్ పేరుతో మగ్గులు, టీషర్టులు కూడా అమ్ముతారు. నాకైతే ఆనీ మూర్ విగ్రహం దగ్గర నిలబడటమే నచ్చుతుంది.

తర్వాత కిన్సేల్. కార్క్ నుంచి బస్సు ఉంది. రెస్టారెంట్లకు పేరున్న ఊరు, జేబుకు కాస్త చిల్లు పడుతుంది. ఇక్కడ చార్లెస్ ఫోర్ట్ అని నక్షత్రం ఆకారపు కోట ఉంది. సముద్రం వైపు నుంచి వచ్చే శత్రువు కోసం అంత పకడ్బందీగా కట్టారు. 1690లో శత్రువు నేల వైపు నుంచి వచ్చాడు, పక్కనున్న ఎత్తు నుంచి ఫిరంగులు పేల్చి కోట పట్టుకున్నాడు! అది కాకుండా పాత కోర్టు భవనం చూడండి, ఇప్పుడది మ్యూజియం. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి లుసిటానియా అనే ప్రయాణికుల ఓడను ముంచింది ఈ తీరానికి ఎదురుగానే. 18 నిమిషాల్లో మునిగింది, దాదాపు 1,200 మంది చనిపోయారు. వెంటనే ఈ చిన్న కోర్టులో విచారణ పెట్టి, ఊళ్లోవాళ్లే జ్యూరీగా కూర్చుని, మే 10న ఏకంగా జర్మనీ చక్రవర్తి మీద హత్యానేరం మోపారు. ఎంత గుండె ధైర్యమో చూడండి.

ఇంకా పడమరకు పోతే స్కిబరీన్. ఇది తీరానికి కాస్త లోపలుంది కాబట్టి మన నాలుగు ఊళ్ల లెక్కలో వేయలేదు, ఎక్కువ చెప్పను. అబీస్ట్రూరీ శ్మశానంలో పచ్చగడ్డి మైదానం లాంటి చోటొకటి ఉంటుంది. దాని కింద కరవులో చనిపోయిన ఎనిమిది నుంచి పది వేల మంది ఉన్నారు, విడివిడి సమాధులు లేవు.

అక్కడికి దగ్గర్లోనే బాల్టిమోర్. అమెరికాలో మీ బావగారుండే బాల్టిమోర్‌కు పేరొచ్చింది ఈ ఊరి నుంచి కాదు, అది లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని ఇంకో బాల్టిమోర్ కథ. ఇక్కడి కథ వేరు. 1631 జూన్ 20 తెల్లవారుజామున ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ నుంచి వచ్చిన సముద్రపు దొంగలు ఊరి మీద పడ్డారు. నాయకుడు మురాద్ రాయిస్, పుట్టుకతో డచ్చివాడు. వాళ్లు దారిలో పట్టుకున్న హాకెట్ అనే పడవవాడు, కిన్సేల్ వద్దు, అక్కడ యుద్ధనౌకలుంటాయి, బాల్టిమోర్ అయితే సులువు అని దారి చూపించాడంటారు. ఆ ఊళ్లో ఎక్కువమంది చేపల వ్యాపారం కోసం స్థిరపడ్డ ఇంగ్లీషు కుటుంబాలు. వందమందికి పైగా ఎత్తుకుపోయి బానిసలుగా అమ్మేశారు, అందులో ఆడవాళ్లూ పిల్లలే ఎక్కువ. తిరిగొచ్చింది ఇద్దరో ముగ్గురో. హాకెట్‌ను తర్వాత ఉరితీశారు. మిగిలినవాళ్లు భయపడి లోపలికి, స్కిబరీన్ వైపు వెళ్లిపోయారు. ఇప్పుడు అదే హార్బర్‌లో సెయిలింగ్ బోట్లు, ఒడ్డున ఐస్‌క్రీం తింటున్న పిల్లలు.

ఇక నేను మొదట చెప్పిన ఊరు. అహకిస్టా. షీప్స్ హెడ్ అనే సన్నటి ద్వీపకల్పంలో బుల్లి పల్లె. 1985 జూన్ 23 ఉదయం, మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ రావాల్సిన ఎయిరిండియా 'కనిష్క' విమానం ఈ తీరానికి దూరంగా సముద్రం మీద బాంబు పేలి ముక్కలైంది. 329 మంది, అందరూ పోయారు. దొరికిన శరీరాలను కార్క్ ఆసుపత్రికి తెచ్చారు. భారతదేశం నుంచి, కెనడా నుంచి వచ్చిన బంధువులకు కార్క్ జనమే తోడుగా నిలబడ్డారు. ఏడాదికల్లా ఇక్కడ స్మారకం కట్టారు, నీడ గడియారంతో, పేర్లు చెక్కిన గోడతో.

ఆ విమానంలో మన యలవర్తి నాయుడమ్మ గారు ఉన్నారు. తెనాలి దగ్గర యలవర్రులో రైతు ఇంట్లో పుట్టి, మద్రాసు తోలు పరిశోధన సంస్థను నడిపి, దేశంలోని శాస్త్ర పరిశోధన సంస్థల మండలి సీఎస్ఐఆర్‌కు అధిపతిగా, జేఎన్‌యూకు వైస్ ఛాన్సలర్‌గా చేసిన శాస్త్రవేత్త. తెనాలిలో పుట్టి పెరిగినవాళ్లకు కూడా ఆయన ఎక్కడ చనిపోయారో అడిగితే తడుముకుంటారు. ఇదిగో, ఈ ఒడ్డుకు ఎదురుగా ఉన్న నీళ్లలో. అందుకే డబ్లిన్ నుంచి ఇంత దూరం రమ్మంటున్నాను.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. షెంగెన్ వీసా ఐర్లండ్‌కు పనికిరాదు, విడిగా తీసుకోవాలి. యూకే విజిట్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని ఉంటే మాత్రం, ముందు బ్రిటన్‌లో దిగి అక్కడి నుంచి రావచ్చు. కోవ్, కిన్సేల్ వరకు రైలు, బస్సు సరిపోతాయి, అహకిస్టాకు కారే మేలు. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, కానీ రోడ్లు బాగా సన్నం, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. ఏటా జూన్ 23న స్మారకం దగ్గర కుటుంబాలు, ఊరివాళ్లు కలిసి నివాళి అర్పిస్తారు. ఉదయం 8 గంటల 13 నిమిషాలకు మౌనం పాటిస్తారు కాబట్టి, ఆ రోజే వెళ్లాలనుకుంటే ముందు రాత్రికే దగ్గర్లోని బాంట్రీలోనో డరస్‌లోనో రూమ్ తీసుకోండి.