బలవంతులను ఎలా పడదోయాలి?

యాంకర్: బ్రేక్ తర్వాత మళ్లీ స్వాగతం. ఇంగ్లండ్ కేథడ్రళ్లలో సాయంత్రం జరిగే పాటల ప్రార్థన ఈవెన్‌సాంగ్ గురించి మాట్లాడుకుంటున్నాం. సార్, ఎప్పుడూ అవే రెండు పాటలు కదా, విసుగు రాదా?

ఆర్గానిస్ట్: మాటలు అవేనండీ, బాణీలే వందలు! బైబిల్లో యేసు తల్లి మరియ పాడిన ‘మ్యాగ్నిఫికాట్’ ఒకటి, పసి యేసును చూసి ముసలి సిమియోను పాడిన ‘నంక్ డిమిట్టిస్’ ఒకటి. పాత లాటిన్ పద్ధతిలో మొదటిది సాయంత్రం వెస్పర్స్ ప్రార్థనలో, రెండోది పడుకోబోయే ముందు కంప్లైన్‌లో ఉండేవి. 1549లో ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ ఆ ప్రార్థనలను కలిపి ఇంగ్లీషులో ఒక్కటి చేశాడు. కోయిర్ వాళ్లు ఈ జంటను ముద్దుగా ‘మ్యాగ్ అండ్ నంక్’ అంటారు.

గాయని: కొత్త బాణీ చేతికొస్తే నేను ముందు వెతికేది ఒక్క లైనే. మరియ పాటలో దేవుడు బలవంతులను సింహాసనాల నుంచి పడదోసే చోటు. అక్కడ ఆర్గన్ మొత్తం తెరిచేసి గోల చేశాడా, లేదా?

యాంకర్: చేస్తే తప్పా?

గాయని: పాడుతున్నది ఎవరండీ? ఒక పల్లె పిల్ల! ఇంగ్లీషు స్వరకర్త హెర్బర్ట్ హావెల్స్ 1945లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ కోసం రాసినప్పుడు ఇదే ఆలోచించాడు. మోటుబలం చూపిస్తే ఆ పాటలోని ఆడతనం పోతుందని ఆయనే చెప్పుకున్నాడు. అందుకే పై గొంతులతో, మెత్తగా మొదలుపెట్టాడు.

ఆర్గానిస్ట్: ఆ పిల్లను అంతకుముందే స్వరకర్త స్టాన్‌ఫర్డ్ చూపించాడు మేడమ్, రాట్నం దగ్గర కూర్చున్నట్టు. ఆయన జి మేజర్ బాణీలో ఆర్గన్ రాట్నంలా గిరగిరా తిరుగుతుంటుంది, పైన ఒంటరి ట్రెబుల్ గొంతు, అంటే పిల్లల సన్నని గొంతు. సిమియోనుకి వచ్చేసరికి బాస్ సోలో, మగవాళ్ల లోతైన గొంతు ఒక్కటే.

గాయని: బాగుంటుంది, కాదనను. కాకపోతే కాస్త సినిమా సీన్‌లా ఉంటుంది.

ఆర్గానిస్ట్: ఉండనివ్వండి! రాట్నం వాయించే వేళ్లకి తెలుసు ఆ కష్టం. (నవ్వు) హావెల్స్ గొప్పదనం నాకు ఇంకోచోట కనిపిస్తుంది. లండన్ సెయింట్ పాల్స్ డోమ్ కింద ఒక స్వరం వదిలితే చాలాసేపు మోగుతూనే ఉంటుంది. 1951లో ఆ కేథడ్రల్‌కి రాసినప్పుడు హార్మొనీని నిదానంగా మార్చాడు, లేకపోతే అంతా కలగాపులగమే.

యాంకర్: ఇదే తెలుగులో చేయాలంటే?

గాయని: మన బైబిల్లో ఆ లైన్ చూడండి. ‘బలవంతులను పడద్రోసి దీనుల నెక్కించెను’. ఇంగ్లీషులో పడదోయడం దగ్గరే ఒక వాక్యం అయిపోతుంది, అక్కడ ఆగి ఉరమొచ్చు. తెలుగులో ‘పడద్రోసి’ అనగానే మాట ఇంకా ముందుకి లాగుతోంది. బరువంతా ‘ఎక్కించెను’ మీదే. మధ్యలో ఆగడానికి వీల్లేదు.

ఆర్గానిస్ట్: అలాగే చేద్దాం. మరి కోయిర్ ఊపిరి ఎక్కడ తీసుకుంటుంది మేడమ్?