మొక్కల అక్వేరియంలో అడుగున ఏం పరచాలి?

అందరికీ నమస్కారం.

ఫిల్టర్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. లైటు చాలకపోతే ఇంకోటి బిగించుకోవచ్చు. అడుగున పరిచినదాన్ని మార్చాలంటే మాత్రం చేపల్ని బకెట్లోకి, మొక్కల్ని పళ్ళెంలోకి తీసి తొట్టె మొత్తం ఖాళీ చెయ్యాల్సిందే. అందుకే ఇవాళ సబ్‌స్ట్రేట్, అంటే ఆ అడుగు పొర గురించే మాట్లాడుకుందాం.

దుకాణంలో అడుగుపెట్టగానే "ఏ సాయిల్ మంచిదండీ?" అని అడుగుతాం. అంతకుముందే తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీ ఇంట్లో వచ్చే నీళ్ళు ఎలాంటివి? మీరు పెట్టబోయే మొక్కలు వేళ్ళతో తింటాయా, ఆకులతో తింటాయా?

నీళ్ళతో మొదలుపెడదాం. ఆక్వాసాయిల్ అంటే సేంద్రియ పదార్థం ఉన్న మట్టిని గుళికలుగా చేసి, వేడిమీద గట్టిపరిచిన సరుకు. ఏడీఏ అనే జపాన్ కంపెనీ వాళ్ళ అమెజోనియా ఈ కోవలోదే. ఇది నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టుకుని హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. అవి నీటిలోని బైకార్బొనేట్‌ని హరించేస్తాయి. దాంతో కేహెచ్ (నీటిలోని బైకార్బొనేట్‌ని, అంటే క్షారతని డిగ్రీల్లో చెప్పే కొలత) పడిపోతుంది, పీహెచ్ 7 కిందికి దిగుతుంది. మెత్తని నీళ్ళు కోరే మొక్కలకీ, చిన్న రొయ్యలకీ అది పండగే. అయితే గుళికలో ఆ శక్తి కొంతే ఉంటుంది, వాడినకొద్దీ తరిగిపోతుంది.

హైదరాబాదులో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి. బకెట్ అంచున, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునే పొలుసు దాని ఆనవాలే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్షారత లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. వేరే నీటివసతి లేనిచోట 600 దాకా అనుమతిస్తారు. ఆ 200 అంటేనే కేహెచ్ 11 డిగ్రీలు. ఆక్వాసాయిల్ తన పని చక్కగా చేసేది 4 డిగ్రీల లోపు నీళ్ళలో. ప్రతి వారం 11 డిగ్రీల నీళ్ళు మారుస్తూ పోతే ఏడాదికి పైగా పనిచెయ్యాల్సిన గుళికలు కొన్ని నెలల్లోనే చేతులెత్తేస్తాయి. వాటిలోని పోషకాలు మిగిలే ఉంటాయి గానీ, నీళ్ళను మెత్తబరుస్తాయని పెట్టిన డబ్బు మాత్రం దండగే.

దీనికి ఒక దారి ఆర్వో నీళ్ళు. బోరు నీళ్ళ కేహెచ్ 12 ఉంటే, ఒక పాలు బోరు నీళ్ళకి రెండు పాళ్ళు ఆర్వో కలిపితే 4కి వస్తుంది. వారం వారం ఆ ఓపిక ఉండదనుకుంటే ఆక్వాసాయిల్ జోలికి పోకండి. మామూలు ఇసుక పరిచి, వేళ్ళ దగ్గర ఎరువు మాత్రలు పెట్టండి. వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్, చాలా రకాల క్రిప్టోకొరైన్లు గట్టి నీళ్ళలోనూ హాయిగా పెరుగుతాయి. బోరు తప్ప వేరే నీళ్ళు లేని ఇంటికి నా ఓటు ఎప్పుడూ దీనికే.

ఇసుక అన్నాను కదా, ఏ ఇసుకైనా సరిపోదు. ఈ బల్ల మీద మూడు గాజు గ్లాసులున్నాయి. మొదటిదాంట్లో కడిగి ఆరబెట్టిన నది ఇసుక, రెండోదాంట్లో తెల్ల పాలరాతి ముక్కలు, మూడోదాంట్లో రోబో శాండ్. మూడింటిలోనూ రెండేసి చెంచాల తెల్ల వెనిగర్ పోస్తున్నాను. రెండో గ్లాసు దగ్గర చెవి పెట్టండి, సన్నగా చుయ్‌మంటోంది. రాయి అంచుల్నుంచి బుడగలు వరసకట్టి పైకి వస్తున్నాయి. అది కాల్షియం కార్బొనేట్. తొట్టెలో వేస్తే నెమ్మదిగా కరుగుతూ నీళ్ళ కఠినత్వాన్ని పెంచుతూనే ఉంటుంది. సముద్రపు ఇసుకలో గవ్వపిండి ఉంటుంది కాబట్టి దానిదీ ఇదే కథ.

రోబో శాండ్ పొంగలేదు కాబట్టి మంచిదనుకోకండి. చిటికెడు తీసుకుని వేళ్ళమధ్య రుద్దండి, గరగరమని గుచ్చుకుంటుంది. క్రషర్‌లో రాయిని పగలగొట్టి చేసింది కాబట్టి అంచులన్నీ పదునే. కోరిడోరస్ లాంటి చేపలు మూతి ఇసుకలోకి దూర్చి మేత వెతుక్కుంటాయి. వాటి మీసాలు ఈ పదునుకి అరిగి, పుండుపడతాయి. పైగా దీన్నుంచి వచ్చే రాతిపొడి ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు.

గింజ సైజు 1 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. దోమల జాలీలోంచి దిగకుండా, 3 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగే ఇసుక సరిగ్గా పనికొస్తుంది. పిండిలాంటి ఇసుక గట్టిగా దిగబడిపోయి గాలి ఆడదు. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది: నల్లటి మచ్చలు, కదిపితే కుళ్ళిన గుడ్డు వాసన, నల్లబడి మెత్తగా ఊడొచ్చే వేళ్ళు. అలాగని 5 మిల్లీమీటర్లు దాటిన గులకరాళ్ళు వేస్తే మిగిలిన మేత సందుల్లోకి జారి అక్కడే కుళ్ళుతుంది. మాంటే కార్లో లాంటి నేలపాకుడు మొక్కల వేళ్ళకి పట్టూ దొరకదు.

ఎంత కావాలో లెక్కేద్దాం. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు తొట్టెలో సగటున 6 సెంటీమీటర్ల మందానికి 10.8 లీటర్లు. ఇసుకైతే లీటరు సుమారు కిలోన్నర తూగుతుంది కాబట్టి 16, 17 కిలోలు. ముందు అద్దం దగ్గర 4, వెనక 8 సెంటీమీటర్లు ఉండేలా వాలు పెట్టండి. స్వోర్డ్ మొక్కకి లోతు కావాలి, అది వెనక్కే వెళ్తుంది. అనుబియాస్, జావా ఫెర్న్‌లకి అసలు మట్టే అక్కర్లేదు. వాటి దుంపకాండాన్ని పాతిపెడితే కుళ్ళిపోతుంది, కర్రకో రాయికో దారంతో కట్టాలి. తొట్టె నిండా ఇవే అనుకుంటే పల్చటి ఇసుక పొర చాలు, ఖరీదైన సాయిల్ కొనొద్దు.

ఎరువు మాత్రల్ని పటకారుతో 5 సెంటీమీటర్ల లోతుకి దించాలి, మాత్రకీ మాత్రకీ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు వదలాలి. రెండు మూడు నెలలకోసారి కొత్తవి పెట్టాలి. పైపైన పెడితే ఎరువు నీళ్ళలోకి చేరి వారం తిరిగేసరికి అద్దాలకి పాచి పడుతుంది.

తోట మట్టి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు. యూరియా, డీఏపీ, పురుగుమందు పడిన చోటిది మాత్రం వద్దు. నల్లరేగడిలో సున్నపు గుళికలు ఉంటాయి, తడిస్తే ఉబ్బి, కదిపితే నీళ్ళన్నీ బురదవుతాయి. దానికంటే ఎర్రమట్టి నయం. పుల్లలూ వేళ్ళూ ఏరి, జల్లించి, నానబెట్టి ఆరబెట్టడం మూడు నాలుగుసార్లు చేస్తే కరిగే లవణాలు చాలావరకు పోతాయి. రెండున్నర సెంటీమీటర్లు పరిచి, పైన మూడు నాలుగు సెంటీమీటర్ల ఇసుక కప్పాలి. మొక్కను పీకేటప్పుడు ఒక్కసారిగా లాగొద్దు. వేళ్ళు కత్తెరతో కోసి వదిలెయ్యండి, లేకపోతే కిందున్న మట్టంతా పైకి వస్తుంది.

ఇసుకని బకెట్లో కలియబెట్టి, నీళ్ళు తేటపడేదాకా కడగాలి. ఆక్వాసాయిల్‌ని కడగొద్దు, గుళిక చితికిపోతుంది. నీళ్ళు నింపేటప్పుడు పైన పాలిథీన్ కవరు పరిచి, దానిమీద సన్నని ధారగా పొయ్యండి.

కొత్త ఆక్వాసాయిల్ మొదటి వారాల్లో చేపలకి విషమైన అమ్మోనియా వదులుతుంది. మొదటి వారం రోజూ సగం నీళ్ళు మార్చండి, రెండో వారం రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. మూడో వారానికి నీళ్ళు అద్దంలా మెరుస్తుంటాయి, చేపలు వేసెయ్యాలనిపిస్తుంది. తేటగా కనిపించే నీళ్ళలోనూ అమ్మోనియా ఉంటుంది. టెస్ట్ కిట్‌తో చూడండి: అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి, రెండు రోజులాగి చూసినా సున్నాగానే ఉండాలి. అప్పుడు కూడా ముందు నాలుగైదు చేపలే వెయ్యండి.