మార్కప్ చదివితే చాలదు, రాయాలి

మిత్రులారా,

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో టెక్నికల్ రైటర్ (సాఫ్ట్‌వేర్ వంటివాటిని వాడే విధానాన్ని వివరించే పత్రాలు రాసేవారు) ఉద్యోగాలకు సిద్ధపడుతున్నవారిలో మార్క్‌డౌన్ (మామూలు పాఠంలోనే చిన్న గుర్తులతో శీర్షికలు, జాబితాలు సూచించే ఒక మార్కప్ పద్ధతి) గుర్తులు తెలిసినవారు చాలామందే ఉన్నారు గానీ, వాటితో ఒక పత్రాన్ని మొదటినుంచి చివరిదాకా రాసినవారు తక్కువ. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన ఈ పద్ధతి నియమాలు ఒక పూటలో వచ్చేస్తాయి. చేయి తిరగాలంటే మాత్రం రాయాల్సిందే. అందుకు పైసా ఖర్చు లేదు. స్టాక్‌ఎడిట్, డిలింజర్ వంటి ఉచిత ఎడిటర్లలో ఒకవైపు టైపు చేస్తుంటే పక్కనే దాని రూపం కనిపిస్తుంది.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో ఎర్ర లైను నుంచి నీలి లైనుకు మారి, రాయదుర్గం చేరాల్సిన కొత్త మనిషికి దారి చెప్పే పత్రం రాయండి. అంకెల జాబితా, గమనిక, పట్టిక మూడూ అందులో అవసరమవుతాయి. అంకెలు వాటంతట అవే పెరుగుతాయి కదా అని ప్రతి అంచె ముందూ 1 అంకెనే వేసే అలవాటు చాలామందికి ఉంది. అలా వేసినప్పుడు మూడో అంచె తర్వాత ఒక పంక్తి వదిలి, గమనికను ఎడమ అంచు నుంచే మొదలుపెడితే జాబితా అక్కడ తెగిపోయి, నాలుగో అంచె మళ్లీ ఒకటిగా కనబడుతుంది. అదే గమనికను మూడు ఖాళీలు లోపలికి జరిపితే అది మూడో అంచెలో భాగమై, లెక్క సరిగ్గా సాగుతుంది.

ఇప్పుడు ఆ పత్రాన్నే కామన్‌మార్క్ (మార్క్‌డౌన్ నియమాలను కచ్చితంగా నిర్వచించే ప్రమాణం) వెబ్‌సైటులోని ప్రయోగ పుటలో అతికించండి. కోడ్, పత్రాలు ఉంచి పంచుకునే గిట్‌హబ్ సైటులో చక్కగా వచ్చే పట్టిక అక్కడ నిలువు గీతలుగా మిగిలిపోతుంది; 2014లో వెలువడిన ఆ ప్రమాణంలో పట్టికలు లేవు, గిట్‌హబ్ వాటిని తన వంతుగా చేర్చుకుంది. మార్క్‌డౌన్‌లో మాండలికాలున్నాయన్న సంగతి ఇలా కళ్లారా చూసినవారికే ఒంటబడుతుందని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష అధికారిక పత్రాలు రాసే మరో మార్కప్ పద్ధతి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లోకి దాన్ని మార్చి చూడండి. అక్కడ శీర్షిక కింద గీత శీర్షిక కంటే పొట్టిదైతే హెచ్చరిక వస్తుంది. వికీపీడియా వ్యాసాలు రాసే వికీ మార్కప్‌ను సాధన చేయడానికి తెలుగు వికీపీడియాలో ప్రయోగశాల అనే పుట ఉండనే ఉంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి: ఉద్యోగంలో చేరాక కంపెనీ అంతర్గత పత్రాలను ఇలాంటి ఉచిత సైట్లలో ఎన్నడూ అతికించవద్దు. సాధనకు మెట్రో దారి చాలు, బస్ పాస్ దరఖాస్తు విధానం చాలు. తృప్తిగా వచ్చిన పత్రాన్ని గిట్‌హబ్‌లో మీ ఖాతాలో బహిరంగంగా ఉంచండి. ఇంటర్వ్యూలో మీ పని చూపించమన్నప్పుడు ఆ లింకు ఇవ్వవచ్చు.