పదహారు అంటే ఏ పదహారు?

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న హోల్‌సేల్ మిత్రులకు, వెనక నిలబడ్డ గోడౌన్ కుర్రాళ్లకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చదివితే నాకిచ్చిన టైంలో సగం అక్కడే అయిపోతుంది. అందుకని చదవను, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన అంశం నికోటిన్ పౌచ్‌ల రకాలు, లేబుళ్లు. రకాల గురించి వివరంగా, లేబుళ్ల గురించి క్లుప్తంగా చెప్పమన్నారు. నేను దాన్ని తిరగేస్తున్నాను. రకాలు కేటలాగ్‌లో రంగుల బొమ్మలతో ఉంటాయి, ఎవరైనా చూసుకోవచ్చు. లేబుల్ మాత్రం ఎవరూ చదవరు. లక్షల సరుకు కొనేవాళ్లు కూడా డబ్బా వెనక్కి తిప్పి చూడరు. ఈ కోపం నాకు చాలాకాలంగా ఉంది. ఇవాళ మైకు దొరికింది.

ముందు వస్తువు గురించి నాలుగు మాటలు. పై పెదవికీ చిగురుకీ మధ్య పెట్టుకునే చిన్న తెల్ల సంచి ఇది. లోపల పొగాకు ఆకు ఉండదు. మొక్కల పీచు నుంచి తీసిన సెల్యులోజ్ పొడి, అందులో నికోటిన్, రుచులు, తీపికి ఎసిసల్ఫేమ్-కె గానీ సుక్రలోజ్ గానీ, క్షార గుణం కోసం సోడియం కార్బొనేట్ లాంటిది ఉంటాయి. స్నూస్ వేరు. అది అచ్చంగా పొగాకు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి కొందరు ఇన్వాయిస్‌లో పౌచ్‌లను కూడా స్నూస్ అని రాసేస్తారు. యూరోపియన్ యూనియన్ స్నూస్ అమ్మకాన్ని 1992లోనే నిషేధించింది. 1995లో యూనియన్‌లో చేరిన స్వీడన్‌కు మాత్రం మినహాయింపు దక్కింది. ఆ ఒక్క మాట తప్పుగా రాస్తే నిషేధం ఉన్న సరుకు తెచ్చారంటూ మీ కార్టన్లు కస్టమ్స్ దగ్గర ఆగే ప్రమాదం ఉంది.

రకాల సంగతి త్వరగా ముగిస్తాను. సైజును బట్టి మినీ, స్లిమ్, లార్జ్ అంటారు. తడిని బట్టి డ్రై, మాయిస్ట్ అంటారు. డ్రై పౌచ్ నోట్లో తడిసేదాకా రుచి, నికోటిన్ మెల్లగా వస్తాయి. మాయిస్ట్ పౌచ్ పెట్టుకోగానే పని మొదలుపెడుతుంది, కానీ వేడిగా ఉండే గోడౌన్‌లో ఎండిపోతుంది. డబ్బాకి 15 ఉండొచ్చు, 20 ఉండొచ్చు, 24 ఉండొచ్చు. డబ్బాలను కలిపి కట్టిన దాన్ని రోల్ అంటారు. కొన్నిచోట్ల రోల్‌కి ఐదు, కొన్నిచోట్ల పది. కొటేషన్‌లో "యూనిట్ ధర" అని ఉంటే ఆ యూనిట్ డబ్బానా, రోలా అని అడిగి రాయించుకోండి. ఇంకోటి, స్లిమ్ అంటే ఇంత పొడవు, ఇంత బరువు అని అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ స్లిమ్ ఇంకో కంపెనీ మినీకి దగ్గరగా ఉండొచ్చు. కాబట్టి పేరును కాదు, గ్రాముల్లో బరువును చూడాలి. రకాలు అయిపోయాయి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. నాతో పనిచేసినవాళ్లు ఇది ఇప్పటికే చాలాసార్లు విని ఉంటారు. మళ్లీ వినండి.

ఒక సప్లయర్ ఉండేవాడు. పేరు అనవసరం. అతని దగ్గర బాగా అమ్ముడుపోయే ఒక రకం ఉండేది. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో 16 అని ఉండేది. చిల్లర దుకాణాల వాళ్లు దాన్ని పేరు పెట్టి కూడా అడిగేవాళ్లు కాదు, "పదహారు పంపండి" అనేవాళ్లు. ఒకసారి కొత్త లాట్ వచ్చింది. అదే రంగు, అదే మూత, అదే ధర. ముందు అంకె మాత్రం 11. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. స్ట్రెంగ్త్ తగ్గించి పాత రేటే వసూలు చేస్తున్నారా అని ఒకరు, నకిలీ సరుకు అంటగట్టారని ఇంకొకరు. కార్టన్లకు కార్టన్లు వెనక్కొచ్చాయి.

మేం రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టి వెనక్కి తిప్పాం. పాత దాని వెనక చిన్న అక్షరాల్లో ఉంది: గ్రాముకి 16 మిల్లీగ్రాములు, పౌచ్ బరువు 0.7 గ్రాము. కొత్త దాని మీద ఉంది: పౌచ్‌కి 11 మిల్లీగ్రాములు. పదహారుని 0.7తో గుణిస్తే ఎంత? 11.2. అంటే లోపలి సరుకు మారలేదు. ఒక్క మిల్లీగ్రాము కూడా మారలేదు. ముందు వేసిన అంకె వెనకున్న కొలమానం మారింది, అంతే. సప్లయర్‌ని అడిగితే "అది డిజైన్ వాళ్ల నిర్ణయం సార్" అన్నాడు. ముందుగా ఒక ఈమెయిల్ పంపితే అయ్యే పని. పంపలేదు. వెనక్కొచ్చిన సరుకు తీసుకోనన్నాడు. అదంతా మా ర్యాకుల్లోనే గడువు తీరి చెత్తకి పోయింది.

నవ్వకండి. ఆ నష్టం డబ్బుతో పోయింది. దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదం. పాత పదహారుకి అలవాటు పడ్డ మనిషికి, వేరే కంపెనీ వాడు పౌచ్‌కి 16 మిల్లీగ్రాముల సరుకు ఇచ్చాడనుకోండి. ముందు అంకె అదే. లోపల నికోటిన్ దాదాపు ఒకటిన్నర రెట్లు. అలవాటు లేని ఒంటికి ఎక్కువ నికోటిన్ వెళితే తల తిరుగుతుంది, వికారం, వాంతులు, ఎక్కిళ్లు, గుండె దడ. ఆ మనిషి పౌచ్ తీసి పారేసి మీ దుకాణదారుని మీదికి వస్తాడు. దుకాణదారు మీ మీదికి వస్తాడు. మీరు ఎవరి మీదికి వెళతారు? వెనక లేబుల్ మీద నిజమే రాసి ఉంది కదా, చదవనిది మనమే కదా అంటాడు సప్లయర్.

అందుకే నా మాట ఒక్కటే. పర్చేజ్ ఆర్డర్‌లో మూడు రాయండి: పౌచ్‌కి ఎన్ని మిల్లీగ్రాములు, గ్రాముకి ఎన్ని మిల్లీగ్రాములు, పౌచ్ బరువు ఎంత. రెండు తెలిస్తే మూడోది మనమే లెక్క కట్టొచ్చు కదా అని మీరనొచ్చు. కట్టొచ్చు. అయినా మూడూ రాయించండి. సప్లయర్ చేత రాయిస్తే, లెక్క కలవనప్పుడు వాడే దొరుకుతాడు.

రెండు అంకెలూ ఎందుకు కావాలో ఇంకో కారణం ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. యూరప్‌లో ప్రమాదకర పదార్థాల లేబుళ్లకు సీఎల్‌పీ అనే నిబంధనలు ఉన్నాయి. వాటి విష తీవ్రత లెక్క ప్రకారం నికోటిన్ గ్రాముకి సుమారు 16.7 మిల్లీగ్రాములు దాటితే ఆ మిశ్రమం పుర్రె గుర్తు పడే వర్గంలోకి వెళుతుంది. అంతకు తక్కువైతే, ఒక హద్దు దాకా, ఆశ్చర్యార్థకం గుర్తు. ఇప్పుడు చూడండి. పౌచ్‌కి 10 మిల్లీగ్రాములే ఉన్న రెండు డబ్బాలు తీసుకుందాం. ఒకదాని పౌచ్ బరువు 0.5 గ్రాము. అంటే గ్రాముకి 20. పుర్రె. ఇంకోదాని పౌచ్ 0.8 గ్రాము. అంటే గ్రాముకి 12.5. ఆశ్చర్యార్థకం. నోట్లో పెట్టుకునేవాడికి వెళ్లే మోతాదు ఒకటే, గుర్తులు వేరు. పుర్రె ఉంటే ఘాటు సరుకు, లేకపోతే లైట్ అని కొందరు సేల్స్‌వాళ్లు చెబుతుంటారు. అలా చెప్పేవాళ్లు గుర్తును చూశారు గానీ బరువును చూడలేదు.

చుక్కల సంగతీ అంతే. డబ్బా మీద నాలుగు చుక్కలు, ఆరు చుక్కలు ఉంటాయి. ఎన్ని చుక్కలకు ఎంత నికోటిన్ అన్నది ఆ కంపెనీ ఇష్టం. ఒక కంపెనీ మూడు చుక్కలను ఇంకో కంపెనీ మూడు చుక్కలతో పోల్చడం, రెండు ఊళ్ల గడియారాలు చూసి రైలు అందుకోవాలనుకోవడం లాంటిది.

ముందు వరసలో ఒక సార్ చెయ్యెత్తారు... సాల్ట్ గురించా? సరే, చివర్లో చెబుదామనుకున్నాను, అడిగారు కాబట్టి ఇప్పుడే. చాలా పౌచ్‌లలో నికోటిన్‌ను లవణం రూపంలో కలుపుతారు. బాగా వాడేది నికోటిన్ బైటార్ట్రేట్ డైహైడ్రేట్. దాని బరువులో నికోటిన్ మూడో వంతు కంటే కొంచెం తక్కువే. మిగతాది టార్టారిక్ ఆమ్లం, నీరు. కాబట్టి స్పెసిఫికేషన్ షీట్‌లో 9 మిల్లీగ్రాములు అని ఉండి, అది లవణం బరువైతే, అసలు నికోటిన్ సుమారు 3 మాత్రమే. అంకె నికోటిన్ బేస్‌దా, అంటే ఒట్టి నికోటిన్‌దా, లేక సాల్ట్‌దా అని ఒక లైన్ రాయించుకోండి. జవాబు చెప్పలేని సప్లయర్ దగ్గర కొనొద్దు. కఠినంగా ఉందంటారా? ఉండనివ్వండి.

ఇక పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె. ఇది లేబుల్ మీద దాదాపు ఎప్పుడూ ఉండదు, ల్యాబ్ రిపోర్టులో ఉంటుంది. పీహెచ్ 8 దగ్గర నికోటిన్‌లో సగం స్వేచ్ఛారూపంలో ఉంటుంది. ఆ రూపమే చిగురు గుండా త్వరగా లోపలికి వెళుతుంది. 7 దగ్గర అది పదో వంతుకు పడిపోతుంది, 9 దగ్గర పదింట తొమ్మిది వంతులకు చేరుతుంది. అందుకే రెండు డబ్బాల మీదా పౌచ్‌కి 6 అనే ఉన్నా, ఒకటి గట్టిగా తగిలిందనీ ఇంకోటి చప్పగా ఉందనీ కస్టమర్ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు.

లేబుల్ మీద ఎక్కువమందిని పక్కదారి పట్టించే మాట "పొగాకు లేనిది". నిజమే, పొగాకు ఆకు లేదు. నికోటిన్ ఉంది. కొన్నింటిలో అది పొగాకు మొక్క నుంచి తీసిందే, కొన్నింటిలో ల్యాబ్‌లో తయారుచేసింది. ఏదైనా నికోటిన్ నికోటినే, అలవాటు పడితే వదలడం కష్టం. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, మీకే చెబుతున్నాను: "హాని లేదు సార్, పొగాకు లేదు కదా" అని ఏ దుకాణంలోనూ అనకండి. టార్గెట్ టెన్షన్ నాకు తెలుసు. అయినా అనకండి. పొగ లేదు కాబట్టి సిగరెట్‌లో కాలి వచ్చే విషాలు ఇందులో రావు, అది వేరే విషయం. సిగరెట్, నికోటిన్ ఎప్పుడూ ముట్టని కుర్రాడికి ఇది కొత్త వ్యసనమే.

అమెరికాలో 2025 జనవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, జిన్ (ZYN) అనే పౌచ్ బ్రాండ్‌లో 20 ఉత్పత్తుల అమ్మకానికి అనుమతి ఇచ్చింది. పది రుచులు, 3, 6 మిల్లీగ్రాముల్లో. అప్పట్నుంచి ఆ కాగితం చూపించి "ప్రభుత్వమే సేఫ్ అంది" అని అమ్మేవాళ్లు తయారయ్యారు. ఎఫ్‌డీఏ ఆ మాట అనలేదు. ఆ కాగితంలోని అనుమతి ఆ 20కే గానీ మొత్తం పౌచ్‌లకు కాదు. అక్కడి డబ్బా ముందు, వెనక ముఖాల్లో 30 శాతం మేర నికోటిన్ వ్యసనకారి అన్న హెచ్చరిక ఉండాలి. 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. స్వీడన్ 2022లో పొగాకు లేని నికోటిన్ ఉత్పత్తులకు ప్రత్యేక చట్టం తెచ్చింది, అక్కడ వయసు 18. కెనడాలో పౌచ్‌కి 4 మిల్లీగ్రాముల దాకా ఉన్న అనుమతి పొందిన రకం ఫార్మసీల్లో కౌంటర్ వెనక నుంచే ఇవ్వాలని 2024లో నిర్ణయించారు. బెల్జియం 2023లో అమ్మకమే నిషేధించింది. కాబట్టి ఒక దేశం కోసం అచ్చు వేసిన డబ్బా ఇంకో దేశంలో చెల్లుతుందని అనుకోకండి. ఎక్కడ అమ్ముతామో అక్కడి చట్టం ముందు చూడాలి, తర్వాతే రేటు మాట్లాడాలి. పైన స్టిక్కర్ అతికించి సర్దుకుందామనే సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ స్టిక్కర్ కింద బ్యాచ్ నంబర్, గడువు తేదీ కప్పబడిపోతాయి. రేపు ఒక లాట్ వెనక్కి పిలవాల్సి వస్తే ఏది ఎక్కడికి వెళ్లిందో చెప్పలేరు.

అమ్మా, ఇళ్లలో పిల్లలున్నవాళ్లు వినండి. ఈ డబ్బాలు చూడటానికి పిప్పరమెంటు డబ్బాల్లాగే ఉంటాయి, వాసన కూడా అదే. అమెరికాలో 2020 నుంచి 2023 మధ్య, ఆరేళ్లలోపు పిల్లలు నికోటిన్ పౌచ్‌లు నోట్లో వేసుకున్నారంటూ పాయిజన్ సెంటర్లకు వచ్చే కేసుల రేటు 763 శాతం పెరిగింది. సేల్స్ శాంపిళ్లు ఇంటికి తీసుకెళ్లి టీపాయ్ మీద పడేసే అలవాటు మన లైన్‌లో చాలామందికి ఉంది. మానుకోండి. వాడేసిన పౌచ్‌లో కూడా నికోటిన్ మిగిలి ఉంటుంది. మూత పైన చిన్న అర ఇచ్చేది అందుకే. ఆ అర లేని డబ్బా చౌకగా వస్తుందని తీసుకోకండి.

టైం అయిపోయిందని చిట్టీ వచ్చింది. ఒక్క పని చెప్పి దిగిపోతాను. ఈ బల్ల మీద మూడు డబ్బాలు పెట్టాను. బయటికి వెళ్లేలోపు తలా ఒకసారి చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, ఒక్కో పౌచ్‌లో ఎంత నికోటిన్ ఉందో కాగితం మీద రాసి నాకివ్వండి. మొదటి రెండింటికీ లెక్క తేలుతుంది. మూడో దాని మీద గ్రాముకి ఎంతో ఉంది గానీ పౌచ్ బరువు ఎక్కడా లేదు, వెతికి అలసిపోకండి. దాన్ని ఇప్పటికే ఆర్డర్ చేసినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. వాళ్లు రేపు పొద్దున్నే ఆ సప్లయర్‌కి ఉత్తరం రాయండి, ఒక కాపీ నాకూ పంపండి. నమస్కారం.